అటోచా లెక్కలు: కీ వెస్ట్ ద్వీపంలో ఒక మ్యూజియం, రెండు బసలు

మా ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఫ్లోరిడా వెళ్తే ఓర్లాండోలోని వినోద కేంద్రాలు, కేప్ కెనావెరల్‌లోని రాకెట్ కేంద్రం చూసి తిరిగి వస్తుంటారు. టాంపాలో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు కూడా ముందు అదే ఏర్పాటు చేశారు. నేను మాత్రం కీ వెస్ట్ ద్వీపంలోని మెల్ ఫిషర్ మారిటైమ్ మ్యూజియం చూడాలని పట్టుబట్టాను. ముప్పై నాలుగేళ్లు ఖజానా శాఖలో పనిచేసి, అందులో ఎక్కువ కాలం ప్రకాశం జిల్లా సబ్ ట్రెజరీల్లో చలాన్లూ రిజిస్టర్లూ సరిచూస్తూ గడిపినవాణ్ణి. మూడున్నర శతాబ్దాలు సముద్రం అడుగున పడి ఉన్న వెండి దిమ్మలను పాత దస్తావేజుల్లోని అంకెలతో పోల్చి గుర్తుపట్టారని చదివిన నాటి నుంచి, వాటిని కళ్లారా చూడాలన్న కోరిక నాలో ఉండిపోయింది.

టాంపా నుంచి కీ వెస్ట్‌కు కారులో ఏడు గంటలకు పైగా పడుతుంది. పెద్ద వయసువాళ్లు ఒక్క బిగిన చేయదగిన ప్రయాణం కాదు గనుక మొదటి రాత్రి దారిలోని మారథాన్ అనే ఊళ్లో ఆగాము. అది దాటగానే ఏడు మైళ్ల వంతెన మొదలవుతుంది. దాని పక్కనే పాత రైలు వంతెన మధ్యమధ్య తెగి కనిపిస్తుంది. హెన్రీ ఫ్లాగ్లర్ అనే ధనికుడు దీవి నుంచి దీవికి వంతెనలు కట్టించి వేయించిన రైలు మార్గం 1912లో కీ వెస్ట్ చేరింది. 1935 నాటి తుపాను దాన్ని ధ్వంసం చేశాక, నిలిచిన వంతెనలనే ఆధారం చేసుకుని 1938 నాటికి రోడ్డు వేశారు. 1977 నవంబరు తుపాను తర్వాత చీరాల వైపు పల్లెలను చూసినవాణ్ణి కాబట్టి, తెగిన ఆ వంతెనను చూస్తూ నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ దీవులకు తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా ఉంటుంది. అందుకే మేము డిసెంబరు మొదటి వారంలో వెళ్లాము. ఎండ మన సంక్రాంతి నాటి ఎండలా హాయిగా ఉంది.

బస గురించి కొంత వివరంగా చెప్పాలి. మారథాన్‌లో మేము దిగిన చోట గదిలోనే చిన్న వంటగది ఉంది, కారు నిలుపుకోవడానికి విడిగా డబ్బు అడగలేదు, యజమానురాలు స్వయంగా వచ్చి పొయ్యి ఎలా వెలిగించాలో చూపి వెళ్లింది. కీ వెస్ట్ పాత ఊళ్లో మేము తీసుకున్నది చెక్కతో కట్టిన పాతకాలపు ఇల్లు. మ్యూజియానికి నడిచి వెళ్లేంత దగ్గర, వసారా చక్కగా ఉంది, పనివాళ్లు మర్యాదస్తులు. అయితే గది ఇరుకు, అద్దె దాదాపు రెట్టింపు, మేడ మీదికి మెట్లే తప్ప లిఫ్టు లేదు. గది ఖాళీ చేసేటప్పుడు రిసార్ట్ ఫీజు అని ఒకటి, పార్కింగ్‌కు మరొకటి బిల్లులో కలిపారు. బుక్ చేసిన నాడు ఆ రెండూ మాకు ఎక్కడా కనిపించలేదు. అడిగితే ఇక్కడ అందరూ తీసుకుంటారన్నారు గానీ ఒక్క డాలరు తగ్గించలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండు రాత్రులూ మారథాన్‌లోనే ఉండి, పొద్దున్నే బయల్దేరి గంటలో కీ వెస్ట్ చేరడం మేలని నా అభిప్రాయం. సాయంత్రం మల్లోరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం చూడాలనుకుంటే మాత్రం ఊళ్లో ఒక రాత్రి ఖర్చుకు సిద్ధపడవలసిందే.

ఇక మ్యూజియం. ఓడరేవు పక్కనే ఉన్న పాత నౌకాదళ భవనంలో దీన్ని నడుపుతున్నారు. ఇందులో ప్రధానమైన కథ, నిధుల వేటగాడు మెల్ ఫిషర్ వెతికి పట్టుకున్న అటోచా అనే స్పెయిన్ ఓడది. 1622 సెప్టెంబరు 4న ఇరవై ఎనిమిది ఓడల దండు హవానా నుంచి స్పెయిన్‌కు బయల్దేరింది. అప్పటికే తుపానుల కాలం ముదిరింది, బయల్దేరడం వారాల తరబడి ఆలస్యమైంది. రెండు రోజులు తిరగకుండానే గాలివానకు ఎనిమిది ఓడలు పోయాయి. అటోచాలో ఉన్న 265 మందిలో విరిగిన కొయ్యను పట్టుకుని బతికి బయటపడ్డవాళ్లు ఐదుగురే. సరుకు పట్టీలో వెయ్యికి పైగా వెండి దిమ్మలు, వెండి నాణేలు, బంగారు కడ్డీలు, రాగి, పొగాకుతో పాటు 350 పెట్టెల నీలిమందు కూడా ఉంది. ఒకప్పుడు మన నెల్లూరు సీమలో పండించి ఎగుమతి చేసిన సరుకు అది. అంత దూరాన ఆ పేరు చదివినప్పుడు తెలిసినవాళ్లు ఎదురైనట్టు అనిపించింది.

నేను ఎక్కువసేపు నిలబడింది వెండి దిమ్మల దగ్గర. ఒక్కొక్కటి సుమారు ముప్పై కిలోలు ఉంటుంది. ఉప్పునీటికి నల్లబడి, అంచులు మొద్దుబారి, దూరానికి కాలిన రొట్టెలా కనబడుతుంది. వంగి చూస్తే పైన రోమన్ అంకెల్లో వెండి స్వచ్ఛత, వరుస సంఖ్య, సొంతదారు గుర్తు, రాజుకు పన్ను కట్టినట్టు వేసిన గుండ్రటి ముద్రలు ఒకదాని పక్కన ఒకటి తెలుస్తాయి. ఒక చివర వేలితో తీసినట్టు చిన్న గుంట ఉంటుంది; పరీక్ష చేసేవాడు నమూనా కోసం గీకి తీసుకున్న చోటు అది. ఆ గుంటలోకి చూస్తుంటే నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో గుమాస్తా అంకె చదువుతుంటే మరొకడు పుస్తకంలో రాసుకుంటున్న దృశ్యం నాకు స్పష్టంగా కనబడింది. 1973లో దొరికిన మూడు దిమ్మల్లో ఒకదాని మీద 4584 అన్న సంఖ్య ఉంది. యూజీన్ లయన్ అనే చరిత్రకారుడు స్పెయిన్‌లోని సెవిల్ నగరపు దస్తావేజుల భాండాగారంలో అటోచా సరుకు పట్టీని పట్టుకున్నాడు. అందులో అదే సంఖ్య ఉంది. మేము తనిఖీ రోజుల్లో నోట్ల కట్టలనూ స్టాంపు కాగితాలనూ వరుస సంఖ్యలతో సరిచూసినదీ ఇదే పద్ధతిలో. పట్టీ సరిగ్గా రాసి ఉంటే సరుకు సముద్రంలో పడినా ఆచూకీ దొరుకుతుంది.

పన్ను ముద్ర లేని బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. రాజుకు ఐదో వంతు చెల్లించకుండా దొంగచాటుగా తెస్తున్న సరుకు అది. ఈ వాటాల సంగతి చదువుతున్నప్పుడు నాకు మోటుపల్లి గుర్తుకు వచ్చింది. జిల్లాల విభజన తర్వాత ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ మా తరానికి అది ప్రకాశం జిల్లా రేవే. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు కొట్టుకువచ్చి తీరాన పగిలిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, ప్రాణం కంటే ధనమే మిన్న అని సముద్రయానం చేసే వర్తకుల మీద దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఫ్లోరిడా రాష్ట్రం మొదట ఒప్పందం ప్రకారం అటోచా సంపదలో నాలుగో వంతు అడిగింది. వ్యాజ్యం 1982లో సుప్రీం కోర్టు దాకా వెళ్లి ఫిషర్‌కు అనుకూలంగా ముగిసింది. మునిగిన ఓడ ఎవరిదన్న ప్రశ్నకు మన తీరంలో ఏడు వందల ఏళ్ల ముందే ఒక రాజు రాతి మీద జవాబు చెక్కించాడని మా అల్లుడికి అక్కడే నిలబడి వివరించాను. అతనికి మోటుపల్లి పేరు తెలుసు గానీ శాసనం సంగతి తెలియదు.

మెల్ ఫిషర్ 1969 నుంచి పదహారేళ్లు వెతికాడు. 1975 జులైలో పెద్ద కొడుకు డర్క్ అటోచా కంచు ఫిరంగులను కనిపెట్టాడు. వారం తిరగకముందే, జులై 20న, పడవ తిరగబడి డర్క్, అతని భార్య ఏంజెల్, మరో డైవర్ చనిపోయారు. సరిగ్గా పదేళ్లకు, 1985 జులై 20న, మరో కొడుకు కేన్ అసలు నిధి కుప్పను కనుగొన్నాడు. పడవ ప్రొపెల్లర్ల నీటి ధాటితో ఇసుకను తవ్వే ఈ పద్ధతిని, దొరికినవాటిని అమ్ముకోవడాన్ని పురావస్తు పండితులు చాలామంది తప్పుపట్టారు. వారి మాటలో న్యాయం ఉంది. మ్యూజియం దుకాణంలో అసలు నాణేలు ధ్రువపత్రంతో అమ్ముతారు. అమ్మాయి నాకొకటి కొనిపెడతానంది గానీ వద్దన్నాను. పట్టీలో ఒకచోట ఉండవలసిన నాణేలు విడివిడిగా ఇళ్లకు చేరడం నా మనసుకు నచ్చలేదు.

ఇదే మ్యూజియంలో హెన్రియెట్టా మేరీ అనే ఇంగ్లీషు ఓడ విభాగం కూడా ఉంది. బంగారం చూసి అలసిపోయి దీన్ని వదిలి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులను జమైకాలో అమ్మి తిరిగి వెళ్తూ 1700లో మునిగిన ఓడ ఇది. ఓడ పేరూ 1699 అన్న సంవత్సరమూ ఉన్న గంట దొరకడంతో ఇది ఏ ఓడో తేలింది. ఇందులో ఎనభైకి పైగా ఇనుప సంకెళ్లు దొరికాయి. వాటిలో ఒకటి ఎంత చిన్నదంటే, పక్కనే ఉన్న మా తొమ్మిదేళ్ల మనవరాలి మణికట్టు మీదికి నా చూపు దానంతటదే వెళ్లింది. అటోచా పట్టీలో ప్రతి దిమ్మకూ ఒక సంఖ్య ఉంది. ఈ సంకెళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరూ ఆ గదిలో లేదు.

మొత్తం చూడడానికి మాకు మూడు గంటలు పట్టింది. తెరిచే వేళకే వెళ్తే ప్రశాంతంగా చూడవచ్చు. దగ్గర్లోనే ఉన్న షిప్‌రెక్ మ్యూజియం పిల్లలకు సరదాగా ఉంటుంది. పాతకాలపు వేషాల్లో నటులు కథ చెబుతారు, గోపురం ఎక్కితే ఊరంతా కనబడుతుంది. సమయం తక్కువగా ఉంటే దాన్ని వదిలేయవచ్చు. భోజనానికి మేము పులిహోర, పెరుగన్నం వెంట తీసుకువెళ్లాము. అక్కడ పేరున్న కీ లైమ్ పై అనే తీపి వంటకంలో వాడేది మన గూడూరు, పొదలకూరు నిమ్మ జాతి కాయే గానీ, అందులో కోడిగుడ్డు సొన ఉంటుందని శాకాహారులు గుర్తుంచుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ముందు హిగ్స్ బీచ్‌లోని ఆఫ్రికన్ల శ్మశానానికి వెళ్లాము. 1860లో అమెరికా నౌకాదళం మూడు బానిస ఓడలను పట్టుకుని 1,432 మందిని ఈ ద్వీపానికి చేర్చింది. వారిలో 295 మంది ఇక్కడే చనిపోయారు. అక్కడికి ఎక్కువమంది రావడం లేదు. చుట్టూ స్నానాలకు వచ్చిన జనం, ఎదురుగా కొత్తపట్నం తీరంలో లాగే ఉదయపు వెలుతురులో మెరిసే నీళ్లు. మా శ్రీమతి చెప్పులు విడిచి, సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆ నేల మీద కొంచెం పోసి వచ్చింది. ఆ తర్వాత మేము కారెక్కాము.