మొదటిసారి కొనే ఎలక్ట్రిక్ గిటార్: స్ట్రాటా, లెస్ పాలా?

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) 1954ది, గిబ్సన్ లెస్ పాల్ 1952ది. అమెరికాలో తయారైనవి కొనాలంటే లక్ష దాటిపోతుంది, అందుకే మనలాంటివాళ్లకి వాటి చవక రూపాలు స్క్వయర్, ఎపిఫోన్లే గతి.

సౌండ్: స్ట్రాట్‌లో మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కో దాంట్లో ఒకే తీగచుట్ట), గంట కొట్టినట్టు పలుకుతాయి, కానీ గెయిన్ (ఆంప్‌లో సిగ్నల్ బలం) పెంచితే గుయ్‌మని ఒకటే రొద, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఇంకా చిరాకు.
లెస్ పాల్‌లో రెండు హంబకర్లు (రొద తగ్గేలా రెండు చుట్టలు జోడించిన పికప్‌లు). ఆ గోల తక్కువ, డిస్టార్షన్‌లో (రాక్‌లో వినిపించే గరగర సౌండ్‌లో) నిండుగా ఉంటుంది.

బరువు: స్ట్రాట్ ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది.
లెస్ పాల్‌తో గంటసేపు నిలబడితే భుజం లాగేస్తుంది.

వేళ్లకి: స్ట్రాట్ స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, లెస్ పాల్ 24.75. అందుకే రెండోదాంట్లో తీగలు కాస్త వదులుగా ఉండి బెండ్ చేయడం (తీగని పక్కకి లాగి శ్రుతి పెంచడం) తేలిక.

రిస్క్: లెస్ పాల్ తల వెనక్కి వంగి ఉంటుంది, కింద పడితే అక్కడే విరుగుతుంది.
స్ట్రాట్ నెక్ బోల్టులతో బిగించిందే, మార్చుకోవచ్చు. చవక మోడల్లో ట్రెమోలో (తీగల శ్రుతిని ఊపే కడ్డీ) వాడితే మాత్రం శ్రుతి నిలవదు. నేనైతే ఆ కడ్డీ పీకి బ్యాగులో పడేశాను.

మెటల్, హార్డ్ రాక్ పిచ్చి ఉంటే లెస్ పాల్. సినిమా పాటలు, ఫంక్, బ్లూస్ అన్నీ కొంచెం కొంచెం వాయించాలనుంటే, లేదా ఏం వాయిస్తారో ఇంకా తేలకపోతే స్ట్రాట్.