ప్లాంటెడ్ ట్యాంక్‌కి కొన్న ఎల్‌ఈడీ లైటు: నాలుగు నెలల తర్వాత

పెట్టె మీద ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని పెద్దక్షరాలతో ఉంటే పడిపోయాను, ఒప్పుకుంటున్నా. మొక్కలు పెంచే నా చేపల తొట్టికి కొన్న రెండడుగుల లైటు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం డయోడ్లు, ట్యాంక్ అంచుల మీద కాళ్లతో నిలబడే రకం.

చూడ్డానికి మాత్రం వంక పెట్టలేం. పాత ట్యూబ్‌లైటు కింద వెలిసిపోయినట్టుండే నియాన్ టెట్రా చేపలు ఇప్పుడు మెరిసిపోతున్నాయి, రోటాలా మొక్క కొసలు కూడా ఎర్రగా కనిపిస్తున్నాయి. కాకపోతే ఎర్ర డయోడ్లు వెలుగుతుంటే ఏ మొక్కైనా కాస్త ఎర్రగానే కనిపిస్తుంది కదా! అనుమానం వచ్చి ఒక కొస తుంచి కిటికీ దగ్గర పెట్టి చూస్తే, సగం ఎరుపు లైటుదే.

అసలు తిక్క పుట్టించేది పెట్టె మీది అంకెలు. వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్ అన్నీ రాశారు, పార్ విలువ ఒక్కటే రాయలేదు. ల్యూమెన్లు మన కంటికి ఎంత వెలుగనిపిస్తుందో చెబుతాయి, కెల్విన్ వెలుగు రంగు చెబుతుంది, 6500 అంటే పగటి వెలుగులాంటి తెలుపు, అంతే. మొక్క వాడుకునే 400 నుంచి 700 నానోమీటర్ల కాంతి అడుగున మట్టి దాకా ఎంత దిగుతోందో చెప్పేది పార్. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి మొక్కలు పార్ 20, 30 ఉన్నా బతికేస్తాయి, నేల మీద తివాచీలా పరుచుకునే మొక్కలకి 50 పైన కావాలి. ట్యాంక్ లోతు పెరిగేకొద్దీ అడుక్కి చేరేది తగ్గిపోతుంది కాబట్టి ఆ అంకె ఎంత లోతులో కొలిచారో కూడా అడగాలి.

నేనేం చేశానంటే, సీఓటూ (మొక్కల కోసం నీటిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్) లేని ట్యాంక్‌కి ఫుల్ బ్రైట్‌నెస్‌తో రోజూ పది గంటలు వెలిగించాను. మూడు వారాల్లో అద్దాల నిండా పచ్చ పొర, అనూబియాస్ ఆకుల మీద మచ్చలు, అంచులకి నల్ల వెంట్రుకల్లాంటి నాచు. లైటు పెంచితే మొక్కకి సీఓటూ, ఎరువు కూడా అంతే పెరగాలి, అవి లేకపోతే పండగ నాచుకే. సరేనని డిమ్మర్ 40 శాతానికి తగ్గించి, ప్లగ్గు టైమర్‌తో ఆరు గంటలకి కుదించాను. అయినా నాచు తగ్గదే! ఒకరోజు లైటు వెలిగే సమయానికి ట్యాంక్ ముందే కూర్చుంటే దొంగ దొరికాడు. కరెంటు పోయి వస్తే ఈ డిమ్మర్ పెట్టిన సెట్టింగ్ మర్చిపోయి నేరుగా నూరు శాతంతో వెలుగుతుంది. టైమర్ రోజూ చేసే పనే అది, కరెంటు తీసి పెట్టడం. ఇంత లైటు తయారుచేసినవాళ్లకి ఇది తట్టలేదా?

లైటుకి ఐపీ67 అనే నీళ్లు చొరబడని రక్షణ రేటింగ్ ఉంది, నీళ్లలో పడినా ఫర్వాలేదన్నారు, కానీ అడాప్టర్‌కి ఆ రక్షణ లేదు. వైరు సాకెట్ కంటే కిందకి వేలాడేలా వదిలితే, దాని వెంట జారే నీటిచుక్క కిందే రాలిపోతుంది.

సీఓటూ పెట్టేవాళ్లు, రోజూ తన టైమర్‌తో తనే ఆరి వెలిగే మోడల్ అయితే కొనండి. సీఓటూ లేకపోతే ఇందులో సగం పవర్ చాలు. నేనైతే లైటుని కొంచెం ఎత్తుకి వేలాడదీసి, నీటి మీద తేలే సాల్వీనియా మొక్కలు వదిలాను, ఇప్పుడు అదే నా డిమ్మర్. మచ్చల ఆకులు కత్తిరించేశాక కొత్తవి శుభ్రంగా వస్తున్నాయి, సాల్వీనియా మాత్రం వారానికోసారి గుప్పెళ్లకొద్దీ తీసి పారేయాల్సి వస్తోంది.