కవాయ్ తేల్చని వారం: టొరంటోనా, క్లిప్పర్సా?

2019 జూన్ 30న బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు జట్టును ఎంచుకునే సమయం) మొదలైనా స్టార్ ఆటగాడు కవాయ్ లెనార్డ్ నోరు విప్పలేదు. టొరంటోలో అతను ఎక్కాడనుకున్న కారు వెంట న్యూస్ హెలికాప్టర్ తిరిగిందంటే అభిమానుల టెన్షన్ ఊహించుకోండి!

టొరంటో జట్టు రాప్టర్స్‌తోనే ఉంటే అప్పుడే గెలిచిన టైటిల్, కుదిరిన జట్టు, నెత్తిన పెట్టుకునే జనం. ఆటపరంగా నా ఓటు దీనికే.

లాస్ ఏంజెలెస్ జట్టు క్లిప్పర్స్ అప్పటికి ఒక్కసారీ ఫైనల్స్ మొహం చూడలేదు. కానీ లాస్ ఏంజెలెస్ అతను పుట్టిన ఊరు. పైగా తోడుగా మరో స్టార్ పాల్ జార్జ్. అతని కోసం క్లిప్పర్స్ ఒక్లహోమా సిటీ జట్టుకి 5 ఫస్ట్ రౌండ్ పిక్స్ (కొత్త ఆటగాళ్లను మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కులు)తోపాటు యువ ఆటగాడు షే గిల్జస్-అలెగ్జాండర్‌నీ ఇచ్చేసింది. ఆ కుర్రాడే 2025లో ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు!

జూలై 6 తెల్లవారుజామున టొరంటో నిద్ర లేచేసరికి కవాయ్ క్లిప్పర్స్ మనిషి. అతని మీద ఆశ పెట్టుకున్న మరో లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ అభిమానులకైతే ఎదురుచూపే మిగిలింది.