ఒక్క బెజ్జం పడకుండా నాన్న లేత్‌కి డిజిటల్ రీడౌట్

విజయనగరంలో మా షెడ్డులో ఉన్న లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) నాన్న కొన్నది. డయల్ అంగుళాల్లో ఉంటుంది, వచ్చే పనులేమో మిల్లీమీటర్లలో. ప్రతిసారీ 25.4తో లెక్క. పైగా కోసే పనిముట్టున్న స్లైడుని జరిపే స్క్రూ అరిగి హ్యాండిల్ పావు చుట్టు ఊరికే తిరుగుతుంది. అందుకే స్లైడు జరిగిన దూరాన్ని అయస్కాంతపు పట్టీతో కొలిచి స్క్రీన్ మీద అంకెల్లో చూపే, రెండు యాక్సిస్‌ల (రెండు దిశల) మాగ్నెటిక్ రీడౌట్ కిట్ తెప్పించాను.

బిగించడానికి వచ్చిన కుర్రాడు రాగానే డ్రిల్లు తీశాడు. నా గుండె ఆగినంత పనైంది. వద్దు బాబూ, బెడ్డుకి (లేత్ అడుగు దిమ్మకి) బెజ్జం పడితే మళ్లీ పూడదు అన్నాను. అయస్కాంతపు పట్టీని పట్టి ఉంచే అల్యూమినియం పట్టీకి క్లాంపులు చేసుకుని, పాత బోల్టు రంధ్రాల్లోనే బిగించాం. రేపు విప్పేసినా రంగు కూడా చెదరదు.

ఈ రీడౌట్ స్క్రూ తిరుగుడుని కాదు, స్లైడు నిజంగా ఎంత జరిగిందో చూస్తుంది. 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో 200వ వంతు) వరకూ చూపిస్తుంది. మొన్న జూట్ మిల్లు బుష్ (షాఫ్టుకి తొడిగే గొట్టం ముక్క) ఒకటి లోపల 40 మిల్లీమీటర్లకి బోర్ చేస్తే, షాఫ్టు మీద మొదటిసారే చేతి ఒత్తిడికి మెత్తగా జారింది. నాన్న వేలితో తడిమి చూశారు.

రీడౌట్‌లో డయామీటర్ (వ్యాసం) మోడ్ పెట్టడం మరవకండి. లేకపోతే స్క్రీన్ మీద 1 చూసి కోస్తే కడ్డీ వ్యాసం రెండు వైపులా కలిసి 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అయస్కాంతపు పట్టీకి ఇనప రజను అంటుకుంటుంది, రోజూ గుడ్డతో తుడవాల్సిందే.