నికోటిన్ గమ్: మూడు ప్రయత్నాలు, పద్నాలుగు నెలల నమలుడు

నేను సిగరెట్ మానేసి మూడేళ్లు దాటింది. మానడానికి పట్టుకున్న ఊతకర్ర నికోటిన్ గమ్, అంటే పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్‌ను కొద్దిగా కలిపిన నమిలే మందు. అయినా దీన్ని కళ్లు మూసుకుని మెచ్చుకోలేను. ఇదే గమ్ వాడి ఒకసారి తొమ్మిది రోజుల్లో బోర్లా పడ్డాను. ఇంకోసారి ఐదు నెలలు నిలబడి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాను. మూడోసారి సిగరెట్ పోయింది గానీ గమ్ పట్టుకుంది. ఏ కంపెనీదని అడగొద్దు. రెండు మూడు కంపెనీలవి మార్చి మార్చి వాడాను, రుచిలో తేడా తప్ప నాకు వేరే తేడా కనపడలేదు.

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్లు తాగాను. బిల్డింగ్ సైట్లలో ఉద్యోగం. మామూలు రోజైతే పద్నాలుగో పదిహేనో, స్లాబు వేసే రోజైతే లెక్కే లేదు.

మొదటి ప్రయత్నం 2018 జనవరిలో. మెడికల్ షాపు కుర్రాడు ఒక స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టి, "గుర్తొచ్చినప్పుడల్లా నమలండి సార్" అన్నాడు. నాకు దొరికిన శిక్షణ అంతే. మరునాడు సైట్‌లో పది గంటలకు దమ్ము మీదికి మనసు లాగింది. ఒకటి నోట్లో వేసుకుని చిన్నప్పటి బబుల్‌గమ్ నమిలినట్టు కసకసా నమిలాను. ఏమీ అనిపించలేదు. ఇంకోటి వేశాను. పది నిమిషాలు గడవకుండానే ఎక్కిళ్లు మొదలయ్యాయి, గొంతు మండింది, ఆ తర్వాత చెమటలు పట్టి కడుపులో తిప్పింది. సిమెంటు బస్తా మీద కూలబడ్డాను.

ఆ తిప్పుడు నాకు కొత్త కాదు. ఎక్కడ ఎరుగుదునా అని ఆలోచిస్తుంటే తట్టింది. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. మా నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. నాకు పదేళ్లప్పుడు సెలవుల్లో తెల్లారకముందే చేలోకి వెళ్లి పచ్చాకు మోసేవాళ్లం. ఆకంతా మంచుతో తడిసి ఉండేది, చొక్కా ఒంటికి అంటుకుపోయేది, చేతులకు నల్లటి జిగురు పట్టేది. ఎండెక్కే వేళకు తల తిరిగి గట్టు మీద వాంతి చేసుకునేవాణ్ని. మా అమ్మ దిష్టి తీసేది. ఆకు మీది తడిలోకి నికోటిన్ దిగి చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుందనీ, అది దిష్టి కాదనీ చాలా ఏళ్లకు చదువుకున్నాను. సిమెంటు బస్తా మీద కూర్చున్న నాకు పట్టింది అదే. గమ్‌లో వేసే నికోటిన్ కూడా పొగాకులోంచి తీసిందే కదా. నాన్న పండించిన ఆకు నన్ను రెండుసార్లు కక్కించింది అనుకుని, తొమ్మిదో రోజు బడ్డీకొట్టుకు వెళ్లి ఒకటి వెలిగించాను. ఆ తర్వాత మూడేళ్లు "గమ్ శుద్ధ దండగ" అని కనపడ్డవాడికల్లా చెప్పాను. ఆ పాపం కొంత కడుక్కోవడానికే ఇది రాస్తున్నాను.

పేరు గమ్ గానీ దీన్ని గమ్‌లా నమలకూడదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పళ్ల మధ్య మెల్లగా నాలుగైదు సార్లు నొక్కాలి. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంటుంది. చురుక్కుమనగానే ఆపేసి, బుగ్గకూ చిగురుకూ మధ్య సందులో పెట్టేయాలి, పల్లెటూళ్లో ముసలమ్మలు పొగాకు కాడ పెట్టుకుంటారే, అలా. చురుకు తగ్గాక మళ్లీ రెండు నొక్కులు నొక్కి, ఈసారి రెండో బుగ్గలోకి మార్చాలి. ఒక్కోటి అరగంట వస్తుంది. నికోటిన్ ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొరలోంచి. గబగబా నమిలితే అది ఉమ్మితో పాటు కడుపులోకి దిగిపోతుంది. అక్కడ ఎక్కిళ్లూ మంటా పుట్టించి, లివర్ దగ్గరే చాలా మటుకు ఖర్చయిపోతుంది. తిప్పలన్నీ మనకు, ఫలితం సగం కూడా లేదు.

ఇంకో సంగతి వేగం. సిగరెట్ దమ్ము పది సెకన్లలో మెదడుకు చేరుతుంది. గమ్‌కు ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మనసు లాగాక గమ్ వేసుకోవడం ఆకలేశాక బియ్యం కడగడం లాంటిది. గుర్తొచ్చినప్పుడు కాదు, గుర్తు రాకముందే వేసుకోవాలి. మొదటి ఆరు వారాలూ గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, గడియారం చూసుకుని. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, ఆఖరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. పన్నెండు వారాల కోర్సు. స్ట్రిప్‌తో వచ్చే కాగితంలో ఇదంతా ఉంటుంది, చీమ తలంత అక్షరాల్లో.

డోసు విషయం నాకు చెప్పింది క్విట్‌లైన్ వాళ్లు, పొగాకు మానాలనుకునేవాళ్లకు ఫోన్‌లో సలహా చెప్పే సర్కారు లైను అది. సిగరెట్ పాకెట్టు మీద భయంకరమైన బొమ్మ కింద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి వేస్తున్నారు, అంటే నా మొదటి ప్రయత్నం నాటికి లేదు. రెండోసారి, 2021 ఆగస్టులో, ఆ నంబరుకు చేశాను. హిందీలో ఏదో రికార్డింగు వస్తుందిలే అనుకున్నాను గానీ తెలుగులో మనిషే మాట్లాడాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న రోజుకు ఎన్ని అని కాదు. "పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారండీ?" అన్నాడు. మొహం కూడా కడగనండీ అన్నాను. లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది అన్నది లెక్క. నేను 2018లో కొన్నది 2 మిల్లీగ్రాములది. 2 మిల్లీగ్రాములది ఊరికే అమ్ముతారు, 4 కావాలంటే డాక్టరు చీటీ ఉండాలి. చీటీ రాయించుకోవడానికి మొహమాటపడి చాలామంది తక్కువ డోసుతోనే సరిపెట్టుకుని, పనిచేయలేదని వదిలేస్తారు. క్విట్‌లైన్ వాళ్లు మానే తేదీ ఒకటి మనతోనే చెప్పించి, ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేసి అడుగుతారు. ఎవరో అడుగుతారన్న బెదురు నాకు గమ్ అంత పనిచేసింది.

కాగితం మీద లేని చిక్కు ఒకటి మన భోజనంలోనే ఉంది. నోరు పులుపుగా ఉంటే నికోటిన్ బుగ్గలోంచి ఎక్కదు. అందుకే కాఫీ, కూల్‌డ్రింకు, పళ్లరసం తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోవద్దంటారు. మరి మన భోజనమో? గోంగూరతో మొదలై, పులుసు మీదుగా పెరుగన్నంతో ముగుస్తుంది. అంతా పులుపే. సిగరెట్ కోసం ప్రాణం కొట్టుకునేది సరిగ్గా చెయ్యి కడుక్కున్న ఆ నిమిషంలోనే. ఆ వేళ గమ్ పెట్టుకుంటే సున్నా. ఇది కనిపెట్టడానికి నాకు నెల పట్టింది. తర్వాత నుంచి నోరు బాగా పుక్కిలించి, సైట్ చుట్టూ ఒక రౌండు కొట్టి, పావుగంట అయ్యాకే వేసుకున్నాను. ఆ పావుగంట నరకం, అందులో అబద్ధం లేదు.

గమ్ తీర్చలేని కోరికలు వేరే ఉన్నాయి. చేతి వేళ్లకు పని లేకపోవడం ఒకటి. సైట్‌లో సెంట్రింగ్ కాంట్రాక్టరుతో గొడవయ్యాక పక్కకు వెళ్లి నిలబడటానికి సాకు లేకపోవడం ఇంకోటి. చాయ్ కొట్టు దగ్గర అందరూ వెలిగించుకుంటుంటే మధ్యలో దవడ కదుపుతూ నిలబడితే బడికి పలక మర్చిపోయిన పిల్లాడిలా ఉండేది. ఊరికి వెళ్తే నాన్న అరుగు మీంచి చూసి, "ఏందిరా అబ్బాయ్, పొద్దుట్నుంచి గేదె మాదిరి ఆ నెమరేంది?" అన్నాడు. సిగరెట్ మానటానికి అని చెప్పాను. చుట్ట నోట్లోంచి తీసి కాసేపు ఆలోచించి, "దాన్లో ఉండేది కూడా మన ఆకేనంటివి గదరా" అని మళ్లీ పెట్టుకున్నాడు.

రెండో ప్రయత్నం ఐదు నెలలు బాగానే నడిచింది. గమ్ పన్నెండు వారాలకు ఆపేశాను, పుస్తకంలో చెప్పినట్టే. 2022 జనవరిలో బాబాయి పోయాడు. దహనం అయిపోయాక రాత్రి పందిట్లో కూర్చుని ఉంటే ఎవరో పాకెట్టు చాచారు. తీసుకున్నాను. ఒక్కటే. బాగా కూడా లేదు, దగ్గొచ్చింది. కర్మ రోజుకు పాకెట్టు నా జేబులోనే ఉంది. ఆ రాత్రి నా దగ్గర ఒక్క గమ్ ఉన్నా తాగేవాణ్ని కాదని ఒట్టేసి చెప్పలేను గానీ, ఉండాల్సింది. కోర్సు అయిపోయాక కూడా ఒక స్ట్రిప్ బండి డిక్కీలో ఉండాలన్నది అప్పుడు నేర్చుకున్నాను.

మూడోసారి 2022 జూన్. ఈసారి డాక్టరు ప్యాచ్, అంటే చర్మం మీద అతికించుకునే నికోటిన్ పట్టీ, కూడా రాశారు. ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది, మధ్యలో మనసు ఎగిరినప్పుడు గమ్. రెండూ కలిపితే ఒక్కదానికంటే మేలని పరిశోధనల్లోనూ తేలింది, నా అనుభవమూ అదే. ప్యాచ్‌తో నాకొచ్చిన కష్టాలు రెండు. ఎండలో చెమటకు జబ్బ మీంచి ఊడిపోయేది, పైన ప్లాస్టరు టేపు వేసుకునేవాణ్ని. రాత్రి తీయకుండా పడుకుంటే రంగురంగుల కలలు. ఒక కలలో పదో తరగతి లెక్కల పరీక్ష రాస్తూ సిగరెట్ కోసం అదనపు పేపరు అడిగాను. పడుకునే ముందు తీసేయడం మొదలుపెట్టాక కలలు తగ్గాయి.

మొదటి మూడు రోజులే పెద్ద గండం. తర్వాత నాలుగు వారాల దాకా చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. విడిగా ఒక్కో తపన మాత్రం నాలుగైదు నిమిషాలకు మించి ఉండదు. ఎవరూ ముందు చెప్పని విషయాలు మూడు. మలబద్ధకం వస్తుంది, నవ్వొద్దు, మొదటి రెండు వారాలు అరటిపండ్లే దిక్కు. బరువు పెరుగుతారు, నేను ఐదు కిలోలు పెరిగాను. మూడోది కాఫీ. సిగరెట్ పొగలోని రసాయనాలు ఒంట్లో కెఫీన్ తొందరగా అరిగిపోయేలా చేస్తాయట. పొగ ఆగగానే అదే కాఫీ రెట్టింపు బలంగా పట్టుకుంటుంది. గుండె దడ, నిద్ర లేకపోవడం అంతా సిగరెట్ లేకనే అనుకున్నాను. నాలుగు కాఫీలు రెండు చేయగానే సగం దడ పోయింది.

ఇక గమ్ నన్ను పట్టుకున్న సంగతి. పన్నెండు వారాలు దాటాక రోజుకు మూడు నాలుగు మీద ఆగిపోయాను. సిగరెట్ లేదుగా, పోనీలే అనుకుంటూ ఏడాది గడిచింది. ఎడమ దవడ దగ్గర టక్ టక్‌మని శబ్దం మొదలైంది. మా ఆవిడ ఒకరోజు చొక్కా జేబులో స్ట్రిప్ తీసి చూపించి, "ఏమండీ, మానేశారా, మార్చారా?" అంది. సమాధానం లేదు. పొగ, తారు లేని నికోటిన్ చాలా చిన్న చెడు, అది నిజమే. కానీ రోజుకు ముప్పై నలభై రూపాయలు పెట్టి ఇంకా దాని పాలేరుగానే ఉన్నాను కదా. బ్లేడుతో గమ్ సగానికి కోసి రెండు వారాలు, సాయంత్రం ఒక్క సగం ఇంకో రెండు వారాలు, తర్వాత వేయించిన సోంపు. 2023 ఆగస్టులో అయిపోయింది. సిగరెట్ మానడంతో పోలిస్తే ఇది పిల్లాట.

ఖర్చంటారా, నేను వాడిన రోజుల్లో ఒక్కో గమ్ పది రూపాయల అటూ ఇటూ. రోజుకు పది అంటే వంద. కింగ్స్ సిగరెట్లు పదిహేను తాగే మనిషికి అంతకు రెట్టింపు పైనే అయ్యేది. కాబట్టి గమ్ ఖరీదనే వాదన నా దగ్గర చెల్లదు. రుచుల్లో పుదీనా ఎక్కువ రోజులు భరించగలం, దాల్చినచెక్క నోరు పొక్కిస్తుంది, పాన్ రుచి జోలికి వెళ్లకండి, పాన్ డబ్బా గుర్తొస్తుంది, దాని పక్కనే వేలాడే లైటరూ గుర్తొస్తుంది. కట్టుడు పళ్లున్నవాళ్లకు గమ్ పనికిరాదు. గుండె జబ్బున్నవాళ్లూ గర్భిణులూ డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. వాడిన గమ్ కాగితంలో చుట్టి పారేయండి, పిల్లల చేతికి చిక్కకూడదు.

మిగతావి కూడా కొన్ని చూశాను. హెర్బల్ సిగరెట్ మోసం, నికోటిన్ లేదు గానీ పొగ పొగే. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి నిషేధం. సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే వరెనిక్లిన్ మాత్రలు మా ఆఫీసులో ఒకాయన డాక్టరు పర్యవేక్షణలో వాడి మానేశాడు, మొదటి వారాలు వికారంతో వేగాడు. రోజుకొకటి తగ్గిస్తూ పోవడం నాలాంటివాడికి కుదరలేదు, తగ్గించినవన్నీ ఆదివారం కలిపి తాగేవాణ్ని.

మొన్న సైట్‌లో పాలమూరు మేస్త్రి ఒకడు అడిగితే డిక్కీలోని స్ట్రిప్ తీశాను. గడువు దాటిపోయింది. కొత్తది తెప్పించి, నమలకూ, బుగ్గన పెట్టూ అని రెండుసార్లు చెప్పి, నా నోరు తెరిచి మరీ చూపించాను. సరే సార్ సరే సార్ అని తలూపాడు. గంట తర్వాత మూడో అంతస్తు నుంచి దిగొచ్చాడు.

"సారూ, గిదేం గోలి సారూ," అన్నాడు, మధ్యలో ఆగి ఒక ఎక్కిలి మింగి, "నీళ్లు తాగినా... ఆగుతలేవు."