కొత్త పైపా, వాడిన పైపా? చేతికి రాగానే ఏం చూడాలి

కర్నూలులో పొగాకు పైపు కావాలంటే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో పార్సిల్ తెప్పించుకోవడమే ఎక్కువ. తిప్పి చూసి కొనే వీలుండదు కాబట్టి, కొత్తది తీసుకోవాలా, ఎవరో వాడినది తీసుకోవాలా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. బ్రయర్ పైపు అయితే నా ఓటు వాడినదానికే.

కొత్త పైపు నిగనిగలాడుతుంది. చిక్కంతా ఆ నిగనిగలోనే. బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద వేరు దగ్గర ఊరిన బుడిపె. అందులో గుంటలు సహజం. వాటిలో లప్పం పెట్టి ముదురు రంగు వేస్తే పైకి తెలియదు. కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. చెక్క గీతలు ఒకచోట తెగిపోయి, అక్కడ మచ్చ వెలవెలబోతుంటే అది లప్పమే. బయట ఒకటి రెండు ఉన్నా నష్టం లేదు. పొగాకు నింపే గిన్నె లోపల నల్లపూత ఉంటే మాత్రం దాని కింద ఏముందో నిప్పు పెడితే గానీ బయటపడదు. వాడిన పైపు ఆ నిప్పును దాటి వచ్చింది.

వాడినదానిలో గిన్నె లోపల పేరుకున్న బొగ్గు పొర చూడాలి. మిల్లీమీటరు మందం ఉంటే గోడకు రక్ష. బాగా మందంగా పేరుకుంటే వేడికి వ్యాకోచించి చెక్కను చీలుస్తుంది. గిన్నె అడుగున గోరుతో నొక్కితే మెత్తగా దిగిందంటే చెక్కే కాలిపోయినట్టు. అలాంటిది వద్దు. నోటి గొట్టం పచ్చగా, గోధుమరంగుగా మారితే భయపడకండి. అది ఎబొనైట్, అంటే గట్టిపరచిన రబ్బరు. మన ఎండ తగిలే కిటికీలో పెడితే కొత్తదీ అలాగే మారుతుంది, సన్న గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. పంటిగాటు పడి చిల్లయితే మాత్రం గొట్టం మార్చాల్సిందే.

ఏ పైపుకైనా అసలు తీర్పు చెప్పేది పొగ దారి. గొట్టం ఊడదీయకుండా పైపు క్లీనర్, అంటే నూలు చుట్టిన సన్న తీగ, దూర్చండి. అది ఎక్కడా తట్టుకోకుండా వెళ్లి, గిన్నె సరిగ్గా అడుగున, నడిమధ్యన తల బయటపెట్టాలి. రంధ్రం కాస్త పైన తేలితే కింది పొగాకు ఎప్పటికీ కాలదు, తడిసి ముద్దవుతుంది. క్లీనర్ గొట్టం అతుకు దగ్గర ఆగిందంటే అక్కడ ఖాళీ ఉంది, తేమ చేరి పీల్చినప్పుడల్లా గుడగుడమంటుంది. తర్వాత ఖాళీ పైపు పీల్చండి, ఈల వినిపిస్తే దారి ఎక్కడో ఇరుకు. మచ్చలు తుడవవచ్చు, వంకరగా తొలిచిన రంధ్రాన్ని ఇంట్లో సరిచేయలేం. వాపసు గడువు ఉండగానే ఈ పరీక్ష చేయండి.

తుర్కియే నుంచి వచ్చే మీర్షామ్ రాయి పైపు కింద పడితే పగులుతుంది, పార్సిల్‌లో తెప్పించమని నేను చెప్పను. మొక్కజొన్న కండె పైపు చవక, అది కొత్తదే కొనండి. దాని గిన్నెలోకి, గొట్టం బిగించే కాడ చివర పొడుచుకు వచ్చి ఉంటుంది. అది లోపం కాదు, వాటిని అలాగే తయారుచేస్తారు.