రాళ్ల నేలలో చిన్న ట్రాక్టర్, రోటవేటర్: ఐదేళ్ల వాడకం తర్వాత

మేముండేది బెంగళూరు కృష్ణరాజపురంలో. పొలం హొసకోట అవతల, నాలుగెకరాలు. పైన ఎర్రమట్టి, జానెడు లోతుకు వెళ్తే రాళ్లు. లాల్‌బాగ్‌లో ఎక్కి నిలబడే పెద్ద బండ ఉంది కదా, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటిది, మా నేల కింద ఉన్నదీ ఆ జాతి రాయే. ఎన్నిసార్లు ఏరినా వానాకాలం తర్వాత మళ్లీ పైకి తేలుతుంటాయి.

నా దగ్గరున్నది 27 హార్స్‌పవర్ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్, దాని వెనక తగిలించి, తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే 4 అడుగుల రోటవేటర్, దానికి ఎల్ ఆకారపు బ్లేడ్లు 30. కొనేటప్పుడు షోరూమ్‌లో "చిన్న రాళ్లయితే పిండి చేసేస్తుంది సార్" అన్నారు. చేయదు. మొదటి సీజన్‌లోనే 30 బ్లేడ్లలో 11 మార్చాను. కొన్ని వంగాయి, రెండు బోల్టు దగ్గర విరిగాయి.

రోటవేటర్ బ్లేడ్లు చక్రాలు తిరిగే వైపే తిరుగుతాయి. మెత్తటి మట్టిలో అది ట్రాక్టర్‌ను కాస్త ముందుకు తోస్తుంది, హాయిగానే ఉంటుంది. కదలని రాయి తగిలితే మాత్రం బ్లేడ్లు దాని మీదికి ఎక్కి పరిగెత్తబోతాయి. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. ట్రాక్టర్ తేలికైంది కాబట్టి ఆ కుదుపు నడుముకు బాగా తెలుస్తుంది. మొదటిసారి దూకినప్పుడు నా చేతిలోంచి స్టీరింగ్ జారింది. అప్పటినుంచి లో గేరులోనే, నడిచే మనిషి కంటే నెమ్మదిగా తోలుతున్నాను. ఎకరానికి రెండున్నర గంటలు పడుతుంది. డీజిల్ గంటకు మూడు లీటర్లకు దగ్గరగా పోతుంది.

నష్టపోయింది షియర్ బోల్టు విషయంలో. ట్రాక్టర్ ఇంజన్ శక్తిని రోటవేటర్‌కు అందించే పీటీఓ షాఫ్ట్‌లో ఉండే ఈ బోల్టు, లోడు ఎక్కువైతే తాను తెగి గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. రెండో ఏడు ఒకే మధ్యాహ్నం నాలుగు తెగాయి. విసుగొచ్చి ఒక గట్టి హైటెన్సైల్ బోల్టు వేశాను. గంట తిరక్కముందే తలకాయంత రాయి బ్లేడుకూ సైడ్ ప్లేటుకూ మధ్య ఇరుక్కుంది. బోల్టు తెగలేదు, షాఫ్ట్ క్రాస్ జాయింట్ పగిలింది. విత్తే అదునులో నాలుగు రోజులు పని ఆగింది. ఇప్పుడు కంపెనీ చెప్పిన మెత్తటి బోల్టులే పది కొని టూల్‌బాక్స్‌లో పెట్టుకుంటాను. అవి తెగుతున్నాయంటే మనం తొందరపడుతున్నామనే అర్థం.

పక్క పొలం పెద్దాయన మొదట్లోనే చెప్పాడు: "ముందు కల్టివేటర్ కొట్టప్పా, రాళ్లు ఏరు, ఆ తర్వాతే రోటవేటర్ దించు." కల్టివేటర్ అంటే కొంకులతో నేలను గీరే నాగలి లాంటిది. మూడో ఏటినుంచి అదే పద్ధతి. వేసవి వానలు పడగానే కల్టివేటర్ రెండు సాళ్లు, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. దాని కొంకులకు స్ప్రింగులుంటాయి కాబట్టి రాయి తగిలితే వెనక్కి వంగి తప్పించుకుంటాయి, రాయిని పైకి తెస్తాయి. ఇద్దరు మనుషులతో మూడు రోజులు ఏరితే ట్రాలీ నిండుతుంది. ఆ రాళ్లన్నీ గట్టుకు వేశాను, వాన నీళ్లకు మట్టి కోత తగ్గింది. చివర రాగి విత్తే ముందు రోటవేటర్ ఒక్కసారి, 3 అంగుళాల లోతు మించకుండా. రోటవేటర్ ఎంత లోతుకు దిగాలో నిర్ణయించే పక్క పట్టీలను (స్కిడ్‌లు) ఆ లోతుకే బిగించి పెట్టాను. ఇప్పుడు ఏడాదికి మూడు నాలుగు బ్లేడ్లకు మించి పోవడం లేదు.

నేలలో తడి పదును చూసుకోవడం కూడా ముఖ్యం. పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. ఎండిన నేలలో బ్లేడ్లు ఎగిరెగిరి పడతాయి, తడి ఎక్కువైతే బ్లేడ్లు బిగించిన రోటరుకు మట్టి చుట్టుకుంటుంది. ఏటా రెండు మూడుసార్లు రోటవేటర్ కొట్టేవాళ్ల నేల పైన పొడిలా, కింద గట్టి పొరలా తయారవుతుంది, నీళ్లు ఇంకవు.

రోటవేటర్ వెనక రేకు ఎప్పుడూ దించే ఉంచండి. గుప్పెడంత రాయి ఆ రేకుకు తగిలి చేసే చప్పుడు వింటే, పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వరు. ఇరుక్కున్న రాయిని తీసేటప్పుడు పీటీఓ ఆపడం ఒక్కటే చాలదు. ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకుని, రోటవేటర్ కింద చెక్క దిమ్మ పెట్టాకే గడ్డపార పట్టుకుంటాను. ప్రతి పది గంటలకూ బ్లేడు బోల్టులన్నీ స్పానర్‌తో బిగిస్తాను, ఆ 30 బ్లేడ్లకు అరగంట పడుతుంది.